వ్యాగనార్ ఇంట్లోనే చేసుకోండి, ఓమ్నీని మాత్రం ముందు రోడ్డెక్కించకుండా ఆపండి: యాక్సిల్ సీల్ గురించి

కందుకూరు తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో 2014 వ్యాగనార్ ఉంది, మాన్యువల్ గేర్లు, తొంభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్సులోంచి ఎడమవైపు డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) బయటికొచ్చే చోట ఆయిల్ కారుతోంది. మెకానిక్ చూసి, యాక్సిల్ సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది, బండి ఒకరోజు వదిలిపెట్టు అన్నాడు. వీడియోలు చూస్తుంటే ఇంట్లోనే చేసుకోగలననిపిస్తోంది, చేసుకోవచ్చా అని ప్రశ్న. చివర్లో ఇంకో మాట కలిపారు. నాన్నగారి ఓమ్నీకి కూడా వెనక ఎడమ చక్రం లోపలివైపు తడి కనిపిస్తోంది, ఆదివారం రెండూ కలిపి చేసెయ్యనా అని.

నేను కావలిలో ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. వ్యాగనార్ పని మీరు ఇంట్లో చేసుకోవచ్చు, కింద చెప్పే నాలుగు సంగతులు మీ దగ్గర కుదిరితే. ఓమ్నీ పని కొంత ఇంట్లో అవుతుంది, కొంత ప్రెస్ (బేరింగులను ఒత్తిడితో ఎక్కించే యంత్రం) ఉన్న షాపులో చేయించాల్సి రావచ్చు. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. మీరు చివర్లో రాసిన ఓమ్నీ సంగతే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

రెండు బండ్లకూ సీల్ అనే మాట ఒకటే గానీ కారిన ఆయిల్ ఎక్కడికి పోతుందన్నది వేరు. వ్యాగనార్‌లో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ (పవర్‌ను రెండు చక్రాలకు పంచే గేర్లు) బండి ముందు భాగంలో ఒకే డబ్బాలో ఉంటాయి. సీల్ పోతే ఆయిల్ నేల మీద పడుతుంది. ఓమ్నీలో పవర్ వెనక చక్రాలకు వెళ్తుంది. వెనక హౌసింగ్ గొట్టం లోపలినుంచి యాక్సిల్ షాఫ్టులు చక్రాల దాకా వస్తాయి. ఆ చివరి సీల్ పోతే ఆయిల్ కింద పడకముందే బ్రేక్ డ్రమ్ములోకి పోతుంది. డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే లైనర్లు ఆయిల్ పీల్చుకుంటే ఆ పక్క బ్రేక్ పట్టదు, రెండో పక్క పడుతుంది, గట్టిగా తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగేస్తుంది. హ్యాండ్ బ్రేక్ పని చేసేది కూడా ఆ లైనర్ల మీదే. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే మీద లారీల మధ్య ఆ బండి నడపాలని నేనైతే అనుకోను.

ఓమ్నీ తడి సీల్ వల్లేనా అన్నది ముందు తేల్చుకోండి. ఆ డ్రమ్ములోనే బ్రేక్ వీల్ సిలిండర్ కూడా ఉంటుంది, అదీ కారుతుంది. బ్రేక్ ఆయిల్ నీళ్లలా పల్చగా ఉంటుంది, పెయింట్ మీద పడితే పెయింట్‌ను తినేస్తుంది, ముందున్న బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతూ వస్తుంది. గేర్ ఆయిల్ చిక్కగా, వేళ్ల మధ్య సాగినట్టు ఉంటుంది, గంధకం కలిసిన ఘాటు వాసన వస్తుంది. ఒక్కసారి వాసన చూస్తే మళ్లీ మర్చిపోరు. రెండిట్లో ఏది కారుతున్నా బండి ఆపాల్సిందే. సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ చెప్తున్నా. వ్యాగనార్‌కు వెనక చక్రాల దగ్గర తడి కనిపిస్తే అది యాక్సిల్ సీల్ అయ్యే అవకాశమే లేదు, అక్కడ యాక్సిల్ షాఫ్టులే లేవు. మొదట అక్కడి వీల్ సిలిండర్‌నే అనుమానించండి.

ఓమ్నీకి సీల్ హౌసింగ్ గొట్టం చివర, లోపలికి కూర్చుని ఉంటుంది. దాని బయట బేరింగ్ ఉంటుంది, ఆ బేరింగ్ జరగకుండా షాఫ్ట్ మీద ఒక రింగు బిగుతుగా ఎక్కించి ఉంటుంది. డ్రమ్ తీసి, బ్రేక్ పైపు విడదీసి, డ్రమ్ వెనకున్న ప్లేటు నట్లు విప్పితే ఆ ప్లేటుతో కలిసి షాఫ్ట్ మొత్తం బయటికి వస్తుంది. లాగడానికి స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద జారే బరువుతో కుదిపి లాగే పనిముట్టు) కావాలి. ఇంతవరకు ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోగలరు, బ్రేక్ పైపు విప్పారు కాబట్టి చివర్లో బ్రేక్ పైపుల్లోంచి గాలి తీయడం వచ్చి ఉండాలి. షాఫ్ట్ బయటికి వచ్చాక బేరింగ్‌ను చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, వేళ్లకు ఊగులాట తెలిసినా సీల్ ఒక్కటే మార్చి లాభం లేదు. షాఫ్ట్ ఊగుతుంటే కొత్త సీల్ పెదవి (షాఫ్ట్‌కు ఆనుకునే రబ్బరు అంచు) ఒక పక్కే నలిగి కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది.

బేరింగ్ మార్చాల్సి వస్తే అక్కడ ఆగి, షాఫ్ట్‌ను గోనెపట్టాలో చుట్టుకుని ప్రెస్ ఉన్న షాపుకు తీసుకెళ్లండి. నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోల్లోనో అడిగితే ఏ లేత్ షాపు దగ్గర ప్రెస్ ఉందో చెప్తారు. పాత రింగును గ్రైండర్‌తో సగం దాకా కోసి ఉలితో పగలగొడతారు, కొత్త బేరింగ్, కొత్త రింగు ప్రెస్ మీద ఎక్కిస్తారు. పాత రింగే మళ్లీ వాడమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. గ్యాస్ కటింగ్‌తో కోయించవద్దు, షాఫ్ట్ గట్టిదనం పోతుంది. సుత్తితో కొట్టి ఎక్కిస్తానంటే అక్కడినుంచి వచ్చేయండి. ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే ఈ రకం యాక్సిల్‌లో షాఫ్ట్‌ను హౌసింగ్‌లో పట్టి ఉంచేది ఆ రింగే. అది జారితే చక్రం షాఫ్ట్‌తో సహా బయటికి వచ్చేస్తుంది.

తడిసిన లైనర్లను పెట్రోలుతో కడిగి, ఎండలో పెట్టి మళ్లీ వేయడం మన దగ్గర చాలామంది చేసే పని. దయచేసి చేయకండి. పైకి ఆరినట్టు కనిపిస్తాయి, డ్రమ్ వేడెక్కగానే లోపల పీల్చుకున్న ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. రెండు పక్కలా కొత్తవి వేయండి.

ఓమ్నీ గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నాకూ ఒకప్పుడు ఓమ్నీ ఉండేది. అల్లూరు వైపు మా బావగారి రొయ్యల గుంటలకు మేత బస్తాలు దాంట్లోనే తోలేవాణ్ణి. వెనక కుడి సీల్ పోయింది, మార్చాను. నాలుగు నెలల్లో మళ్లీ పోయింది. సీల్ నాసిరకం అనుకుని వేరే షాపులో కొని మళ్లీ మార్చాను. ఈసారి రెండు పక్కలా కారింది. అప్పుడు హౌసింగ్ పైనున్న చిన్న బ్రీదర్ (లోపలి గాలి పోయే దారి) తీసి చూస్తే గుంట కట్టల మీది బురద ఎండి రాయిలా బిగుసుకుపోయి ఉంది. బండి నడిస్తే హౌసింగ్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేకపోతే సీల్ పెదవిని తోసుకుని ఆయిల్‌తో సహా బయటికి వస్తుంది. బ్రీదర్ తీసి డీజిల్‌లో నానబెట్టి, గాలి కొట్టి బిగించాను. ఆ తర్వాత వేసిన సీళ్లు బండి అమ్మేదాకా చుక్క కారలేదు. అప్పటినుంచి నా దగ్గరికి ఏ బండి సీల్ లీకుతో వచ్చినా ముందు బ్రీదర్ చూస్తాను. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లకు రాతి దుమ్ముతో, గుంటల వైపు తిరిగేవాటికి బురదతో ఇది పూడుకుపోతూనే ఉంటుంది.

నీళ్ల సంగతీ ఇక్కడే చెప్తాను. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట తెగినప్పుడు నీళ్లలో నిలిచిన బండ్లు చాలా వచ్చాయి. వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, అరిగిన సీల్ లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారి ఉంటే నీళ్లు చేరినట్టే, ఆ ఆయిల్ మొత్తం తీసేయాలి. మీ బండ్లు ఎప్పుడైనా చక్రాలు మునిగేంత నీళ్లలో పోయి ఉంటే ఈ రంగు తప్పకుండా చూడండి.

ఇప్పుడు వ్యాగనార్. మెకానిక్ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, అయినా మీ కళ్లతో ఒకసారి చూసుకోండి. డ్రైవ్ షాఫ్ట్ లోపలి చివర రబ్బరు బూట్ ఉంటుంది. అది చిరిగితే నల్లటి గ్రీజు చుట్టూ చిమ్ముతుంది. దాన్ని చూసి సీల్ పోయిందనుకునేవాళ్లు ఎక్కువ. గ్రీజు చిమ్మి అంటుకుంటుంది, ఆయిల్ జారి కిందికి దిగుతుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య అతుకు దగ్గర కారుతుంటే అది ఇంజిన్ వెనక సీలో, గేర్‌బాక్సు ముందు సీలో అయ్యుండొచ్చు, ఆ రెంటికీ గేర్‌బాక్సు దించాలి, అది ఇంటి పని కాదు. షాఫ్ట్ చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఒక ఇరవై కిలోమీటర్లు తిప్పి, రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున మరక ఎక్కడ పడింది, తడి ఎక్కడ మొదలైంది అన్నది చూస్తే సగం సందేహం తీరుతుంది.

సీల్ చుట్టూ చెమ్మ మాత్రమే ఉండి, దాని మీద దుమ్ము పట్టి ఉందనుకోండి, గేర్‌బాక్సు పక్కన ఆయిల్ మట్టం చూసే లెవెల్ ప్లగ్ తీసి వేలు పెట్టి చూడండి. ఆయిల్ అంచు దాకా ఉంటే తొందరేమీ లేదు, నెలకోసారి చూసుకుంటే చాలు. చెమ్మ ఉన్న ప్రతి సీల్‌నూ విప్పాలని నేను అనను. నేల మీద రోజూ చుక్కలు పడుతుంటే మాత్రం వాయిదా వేయవద్దు. ఇంజిన్ ఆయిల్‌కు ఉన్నట్టు గేర్ ఆయిల్ తగ్గితే చెప్పే లైటు ఉండదు. బేరింగుల హోరు వినిపించేసరికి లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఇంట్లో చేయాలా వద్దా అన్నది నేను నాలుగు సంగతుల మీద తేలుస్తాను. మొదటిది నేల. మీ ఇంటి ముందు సమంగా ఉన్న సిమెంటు నేల ఉందా? కందుకూరు వైపు నల్లరేగడి పైకి గట్టిగానే కనిపిస్తుంది, బరువు పడితే జాకీ కాలు దిగిపోతుంది. మట్టి నేల తప్ప వేరే చోటు లేకపోతే ఇంట్లో పెట్టుకోకండి. రెండోది జాకీతో ఎత్తిన బండిని నిలబెట్టే స్టాండ్లు. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికి మాత్రమే. కనీసం రెండు టన్నుల బరువు ఆపే స్టాండ్లు జత కావాలి, తీసిన చక్రాన్ని కూడా బండి తలుపు కింది అంచు కిందికి జరిపి ఉంచాలి. ఇటుకలు, హాలో బ్లాకులు పెట్టనే పెట్టవద్దు. మా వీధిలో ఒక కుర్రాడు బండిని సిమెంటు ఇటుకల మీద నిలబెట్టి పని చేస్తున్నాడు. పానా అందుకుందామని చెయ్యి బయటికి తీశాడు, అదే క్షణంలో ఇటుక పొడిపొడి అయ్యి బండి కూలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. దేవుడి దయవల్ల ఆ పిల్లాడి చెయ్యి దక్కింది.

మూడోది హబ్ నట్. డ్రైవ్ షాఫ్ట్ బయటి చివర ఉండే ఈ నట్టు చాలా బిగుతుగా ఉంటుంది. దాని అంచును షాఫ్ట్ గాడిలోకి నొక్కి లాక్ చేసి ఉంటారు, ఆ నొక్కును చిన్న ఉలితో పైకి లేపాకే విప్పాలి. బండి నేల మీద ఉండగా, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకోగా, సాకెట్‌కు పొడవాటి పైపు తగిలించి వదులు చేయాలి. స్టాండ్ల మీద ఎక్కించాక దానితో కుస్తీ పడితే బండి కదిలిపోతుంది. బిగించేటప్పుడు టార్క్ రించి (ఎంత గట్టిగా బిగించామో కొలిచే పానా) తప్పనిసరి, అంకె మీ మోడల్ మాన్యువల్లో చూడండి, కొత్త నట్టే వాడండి. టార్క్ రించి కొంటే సీల్ ధరకు ఎన్నో రెట్లవుతుంది, కాబట్టి తెలిసిన గ్యారేజీలో ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. ఆ నట్టు వదులుగా ఉండగా బండిని చక్రాల మీద నిలబెట్టి తోయడం, నడపడం చేయకండి, వీల్ బేరింగ్ పాడవుతుంది.

నాలుగోది సమయం. ఆరితేరినవాళ్లకు రెండు మూడు గంటల పని. మొదటిసారి అయితే రోజంతా అనుకోండి, మర్నాడు ఆ బండితో అవసరం లేకుండా చూసుకోండి. సోమవారం పొద్దున పిల్లల్ని బడికి దింపాల్సిన బండిని ఆదివారం మధ్యాహ్నం విప్పకూడదు. ఈ నాలుగిట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా మీ మెకానిక్‌కే ఇవ్వండి. ఆయన అడిగిన ఒకరోజు న్యాయమైనదే.

కుదిరితే, పనిలో జనం తప్పు చేసే చోట్లు చెప్తాను. ఆయిల్ కిందికి వదిలే ముందు, నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూడండి. కింద ప్లగ్ తీసి ఆయిల్ అంతా పోయాక పై ప్లగ్ రాకపోతే బండి కదలదు. తర్వాత లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ (హబ్‌ను కిందినుంచి పట్టి ఉంచే కీలు) బోల్టు తీసి, చక్రం బిగించే హబ్‌ను బయటికి జరిపి షాఫ్ట్ చివర వదిలించాలి. పక్కనున్న బ్రేక్ గొట్టం లాగుడు పడకుండా చూడండి. ఏబీఎస్ ఉన్న బండి అయితే సెన్సర్ వైరు ముందే విడదీసుకోండి. గేర్‌బాక్సు వైపు చివరను ఒక చిన్న లాక్ రింగు పట్టి ఉంచుతుంది. దాన్ని టైరు లివర్ లాంటిదానితో గేర్‌బాక్సు అంచు దగ్గర ఎత్తి ఒక్కసారి కుదిపితే వస్తుంది. షాఫ్ట్ మధ్యలో పట్టుకుని లాగితే లోపలి జాయింటు ఊడి బేరింగులు బూట్‌లో పడిపోతాయి, ఇంకో పని నెత్తిన పడుతుంది. రెండు పక్కల షాఫ్టులూ ఒకేసారి తీయకండి, కొన్ని గేర్‌బాక్సుల్లో లోపలి సైడ్ గేర్లు జరిగిపోతాయి.

పాత సీల్ తీసే ముందు అది ఎంత లోతులో కూర్చుందో కొలిచి రాసుకోండి, ఫోటో తీసుకోండి. స్క్రూడ్రైవర్‌తో తీసేటప్పుడు సీల్ కూర్చునే గోడ మీద గీత పడితే కొత్త సీల్ బయటి అంచు నుంచి కారుతుంది. షాఫ్ట్ మీద సీల్ పెదవి రాసుకునే చోట గోరుతో రుద్ది చూడండి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే కొత్త సీల్ కూడా ఆపలేదు. అప్పుడు షాఫ్ట్ మార్చాలి, లేదా గాడి తప్పించి ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో సీల్ కూర్చోబెట్టే వీలుందేమో అనుభవమున్నవాళ్లకు చూపించాలి.

కొత్త సీల్ కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఎడమ, కుడి సీళ్లు ఒకటే అనుకోవద్దు, కొన్నిటి మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది. కంపెనీ సీల్‌కూ నకిలీకీ తేడా వందల్లోనే, దాని కోసం మళ్లీ రోజంతా విప్పుకోవడం దండగ. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాసి, సీల్ బయటి వ్యాసానికి సరిపడే సాకెట్ గానీ పైపు ముక్క గానీ పెట్టి, చుట్టూ సమంగా, నెమ్మదిగా తట్టండి. నేరుగా సుత్తి పడితే వంకర పోతుంది. షాఫ్ట్ లోపలికి పెట్టేటప్పుడు దాని పళ్లు పెదవికి తగలకుండా చేత్తో బరువు మోస్తూ పంపండి. కొత్త సీల్ వేసిన మర్నాడే కారిందని వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఇక్కడ పెదవి తెగినవే. లాక్ రింగు కొత్తది వేసి, టక్‌మని కూర్చునేదాకా తోయండి, తర్వాత వెనక్కి లాగి చూడండి, రాకూడదు.

ఆయిల్ సంగతి. ఈ గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం వాడాలి, మారుతి చిన్న కార్లకు ఎక్కువగా 75డబ్ల్యూ-80 లేదా 75డబ్ల్యూ-90, మీ మాన్యువల్లో ఏది ఉంటే అది. షాపులో జీఎల్-5 ఇంకా మంచిదని ఇస్తారు. అది ఓమ్నీ వెనక హౌసింగ్ లాంటి వాటికి మంచిది, అందులోని రసాయనాలు మీ గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులకు పడకపోవచ్చు. బండి సమంగా ఉండగా లెవెల్ రంధ్రం నుంచి చుక్కలు రాలేదాకా పోసి ప్లగ్ బిగించండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు, అదీ సీళ్ల మీద ఒత్తిడే. తీసిన పాత ఆయిల్‌ను కాలవలో పారబోయకుండా డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇచ్చేయండి, మన నీళ్లే పోయి చేరేది గుంటలకూ పొలాలకూ.

ఆటోమేటిక్ బండి ఉన్న మిగతావాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పైన చెప్పిన ఆయిల్ మీ గేర్‌బాక్సుకు వర్తిస్తుందనుకోకండి, ముఖ్యంగా సీవీటీ (గేర్ మెట్లు లేకుండా బెల్టుతో నడిచే రకం) అయితే పని తెలిసిన చోటే చేయించండి.

తమ్ముడూ, ఇవాళ సాయంత్రం వ్యాగనార్ కింద అట్టముక్క వేసి, పొద్దున మరక ఫోటో, బూట్ ఫోటో రెండూ ఇక్కడ పెట్టండి. నేల ఎలా ఉందో, స్టాండ్లు దొరికాయో కూడా రాయండి. ఓమ్నీని మీ నాన్నగారికి చెప్పి ఇప్పుడే పక్కన పెట్టించండి. డ్రమ్ తీసి లైనర్లు పొడిగా ఉన్నాయో తడిశాయో చూశాక దాని సంగతి మాట్లాడుకుందాం.